ఆకలి పేరు చెప్పి ప్యాకెట్‌ను వెనకేసుకురాకండి

సూరత్ ఖటోదరాలో బడిపిల్లల చిరుతిండి మాట ఎత్తితే వచ్చే జవాబు ఒక్కటే. "ముందు వాళ్ల కడుపు నిండనివ్వండి. చక్కెరా ఉప్పూ తర్వాత లెక్కపెడుదురుగాని." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మున్సిపల్ బడుల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన టీచర్లు అంటారు. సాంచాల (మరమగ్గాల) మీద నడుం వంగిపోయిన తండ్రులు అంటారు. మన తెలుగు సంఘాల పెద్దలూ అంటారు. అందుకే ఈ మాటకు ఇంత బలం. మంచివాళ్ల నోట వచ్చిన మాటను ఎవరూ గట్టిగా నిలదీయరు.

వాళ్ల వాదనను ఏమీ తగ్గించకుండా చెబుతాను. చక్కెర, ఊబకాయం, ఆహార ప్రమాణాలు అన్నీ వేసూ, పీప్‌లోద్ లాంటి డబ్బున్న పేటల అపార్టుమెంట్ల పిల్లల గొడవలట. కరీంనగర్ నుంచో వరంగల్ నుంచో నల్లగొండ నుంచో బతకడానికి వచ్చి, ఖటోదరా, ఉధ్నా, లింబాయత్ సందుల్లో ఒక్క గదిలో కాపురం చేసే నేతకార్మికుడి బిడ్డకు ఉన్నది తిండి చాలని సమస్యట. ఐదు రూపాయల ప్యాకెట్ ఆ బిడ్డకు దొరికే చిన్న సంతోషమట. దాన్నీ లాక్కుంటే పాపమట. పైగా గేటు ముందు బండి పెట్టుకున్నవాడూ పేదవాడే. అయినా ఈ దేశంలో ఏ నియమం సరిగ్గా అమలైంది గనక, ఇదొక్కటి అవడానికి?

ఇందులో జాలి ఉంది. నిజం లేదు. ఆ జాలికి మూల్యం కడుతున్నది మాత్రం బిడ్డే.

మొదట చట్టం సంగతి. బడి చిరుతిండికి ప్రమాణాలు అనేవి ఎవరో తీరిక ఉన్నవాళ్లు ఇచ్చిన సలహా అనుకుంటున్నారు చాలామంది. కాదు. ఉదయ్ ఫౌండేషన్ అనే సంస్థ బడి చిరుతిండి విషయమై 2010లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఏళ్లు నడిచిన ఆ కేసు కారణంగానే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మార్గదర్శకాలు రాసింది. చివరికి 2020 సెప్టెంబరులో అవి నిబంధనలై, 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సంతృప్త కొవ్వు, ట్రాన్స్‌ఫ్యాట్, కలిపిన చక్కెర, సోడియం ఎక్కువగా ఉన్న తిండిని బడి క్యాంటీన్‌లో గానీ, హాస్టల్ మెస్‌లో గానీ, బడి గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపల గానీ పిల్లలకు అమ్మకూడదు. ఆ హద్దులో వాటి ప్రచారమూ చేయకూడదు. ఇందులో వేసూ బడికి ఒక కొలత, ఖటోదరా బడికి ఇంకో కొలత అని లేదు. 50 మీటర్లంటే ఎక్కడైనా 50 మీటర్లే.

2025 మేలో సీబీఎస్‌ఈ తన బడులన్నిటిలో చక్కెర ఎంతవరకు తినొచ్చో తెలిపే 'చక్కెర బోర్డులు' పెట్టమంది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలు రోజూ తీసుకునే కేలరీల్లో 13 శాతం, పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 15 శాతం చక్కెర నుంచే వస్తున్నాయని, 5 శాతం దాటకూడదని ఆ సర్క్యులర్‌లో రాసింది. పత్రికలన్నీ వేశాయి. కానీ సూరత్ నగర్ ప్రాథమిక శిక్షణ సమితి నడిపే బడులు సీబీఎస్‌ఈ కింద లేవు. గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాల్లోనూ, మన తెలుగు మాధ్యమంలోనూ చదువు చెప్పే ఆ బడులకు ఈ సర్క్యులర్ వర్తించదు. 2021 నాటి నిబంధన మాత్రం వర్తిస్తుంది. అంటే ఎక్కువగా వినపడిన మాట పేద బడికి చేరదు, చేరాల్సిన చట్టం వినపడదు. "ఇవన్నీ పెద్దింటి పిల్లల కోసం" అన్న అపోహ ఇక్కడే పుట్టింది.

ఇక ఆకలి వాదం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మిగతా వాదాలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

విరామం గంట కొట్టాక ఖటోదరాలో ఏ బడి గేటు దగ్గరైనా ఒక పక్కగా నిలబడి చూడండి. బండి పైకప్పు నుంచి ప్యాకెట్ల పట్టీలు వేలాడుతుంటాయి. చిన్న కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించి ఇస్తుంటాడు. పక్కన పెద్ద ప్లాస్టిక్ సంచిలో పసుపుపచ్చ గొట్టాలు, ఇక్కడివాళ్లు భూంగళా అంటారు, కారం చల్లి కాగితంలో పోసి ఇస్తాడు. పిల్లలు వాటిని ఐదు వేళ్లకూ తొడుక్కుని ఒక్కొక్కటే కొరుక్కుంటూ తింటారు. డబ్బాలో ఎర్రటి, ఆకుపచ్చటి రంగునీళ్లు గడ్డకట్టిన ప్లాస్టిక్ గొట్టాలు. పది రూపాయలకు చిన్న సీసా కూల్‌డ్రింకు, మామిడిపండు బొమ్మ వేసిన డబ్బా. పదేళ్లు నిండని పిల్ల పది రూపాయలతో ఒక ప్యాకెట్టూ, ఒక రంగుగొట్టమూ కొనుక్కుని గోడ నీడన కూర్చుని తినేస్తుంది. తర్వాత మధ్యాహ్న భోజనానికి పళ్లెం పట్టుకుంటుంది. రెండు ముద్దలు తిని, పప్పూ అన్నమూ పక్కకు నెట్టేస్తుంది.

ఆ పళ్లెంలో ఏముందో లెక్క ఉంది. పీఎం పోషణ్ పథకం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాములు. ఇరవై గ్రాముల చిప్స్ ప్యాకెట్‌లో సుమారు నూట పది కేలరీలు, ఆరేడు గ్రాముల నూనె, ఒకటిన్నర గ్రాముకు మించని మాంసకృత్తులు ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్ల కడుపెంత? అందులో ప్యాకెట్ పడ్డాక పప్పుకు చోటు మిగలదు. ఆకలి తీరిందనిపిస్తుంది, ఆకలికి కారణమైన లోటు అలాగే ఉంటుంది. తిండి తక్కువైన బిడ్డకు ప్యాకెట్ ఏమీ కలపదు. ఆ రోజుకు దొరకబోయే ఒక్క మంచి భోజనాన్ని తగ్గిస్తుంది. బిడ్డ పేదదయ్యేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. వేసూ బిడ్డ బళ్లో చిప్స్ తిన్నా ఇంటికెళ్లాక పాలు, పండు, గుడ్డు ఉంటాయి. ఖటోదరా బిడ్డకు ఆ పళ్లెమే గతి.

సన్నగా ఉన్న పిల్లలకు చక్కెర జబ్బు భయం లేదన్న నమ్మకం ఇంకా ప్రమాదకరం. 2016-18లో దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల రక్త నమూనాలు కూడా తీశారు. పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఉండాల్సిన దానికన్నా సన్నగా ఉన్నారు. అదే వయసు వాళ్లలో పదిమందికొకరు మధుమేహానికి ముందు దశలో ఉన్నారు. ఈ రెండూ వేర్వేరు ఇళ్ల పిల్లలు అనుకుంటే పొరపాటు. ఆ సర్వే లెక్కలనే మళ్లీ విశ్లేషించిన వైద్య పరిశోధకులు గిడసబారిన, బక్కచిక్కిన పిల్లల్లో సైతం సగానికి పైగా మందికి రక్తంలో చక్కెర, కొవ్వులకు సంబంధించిన లోపం కనీసం ఒకటి ఉందని తేల్చారు. పైకి చూస్తే ఎముకల గూడు, లోపల రక్తంలో పెద్దల జబ్బుకు పునాది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో దేశంలోని మొత్తం వ్యాధిభారంలో 56 శాతానికి పైగా సరిలేని తిండి వల్లే అని రాసింది. అందులో డబ్బున్నవాళ్ల జబ్బులు, లేనివాళ్ల జబ్బులు అనే విభజన లేదు.

తాగేవాటి సంగతి ఇంకా సులువుగా అర్థమవుతుంది. ఏడెనిమిదేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1,700 కేలరీలు కావాలి. అందులో 5 శాతం అంటే 21 గ్రాముల చక్కెర. ఒక మామూలు కోలాలో నూరు మిల్లీలీటర్లకు పది పదకొండు గ్రాములుంటుంది కనక 200 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి ఆ రోజు కోటా మొత్తాన్నీ మింగేస్తుంది. పొద్దున తాగిన చాయ్‌లో చక్కెర, బిస్కెట్‌లో చక్కెర దాని పైన. సూరత్ ఎండలకు దాహమేసిన పిల్ల సీసా కొంటుందంటే బళ్లో చల్లటి మంచినీళ్లు చేతికందే చోట లేవనే అర్థం ముందు చేసుకోవాలి.

"ఐదు రూపాయలే కదా, బీదవాళ్లకు ఇంతకన్నా చౌకగా ఏం దొరుకుతుంది?" అంటారు. తూకం వేసి చూద్దాం. పదిహేను గ్రాముల ప్యాకెట్ ఐదు రూపాయలంటే కిలో 333 రూపాయలు. శనగలు ఆ ధరలో మూడో వంతుకే వస్తాయి. పల్లీలు సగానికి. అరటిపండు సంగతి చెప్పనే అక్కర్లేదు. బీదవాడి తిండి అని మనం జాలిపడి విడిచిపెడుతున్నది బజార్లో బీదవాడు కొనే అతి ఖరీదైన తిండి. ఐదు రూపాయలన్న ధర ఊరికే పుట్టలేదు. బిడ్డ గుప్పెట్లో పట్టే నాణెం ఎంతో చూసుకుని, ఆ నాణేనికి సరిపడా గ్రాములు తగ్గించి తయారుచేసిన సరుకది. పప్పుధాన్యం ధర పెరిగితే మనకు తెలుస్తుంది. ప్యాకెట్ ధర ఎప్పుడూ ఐదే, లోపలి తూకం తగ్గుతుంటుంది.

తల్లిదండ్రుల బాధ్యత అనే మాట మీద నాకు కోపం ఉంది, దాచుకోను. లింబాయత్‌లో ఉండే ఒక తల్లి నాతో అన్న మాటలివి: "పొద్దుగాల ఆరున్నరకు ఆయన సాంచాల మీదికి పోతడు. నేను ఏడింటికి చీరల ఫోల్డింగుకు పోవాలె. డబ్బా కట్టేటందుకు టైమేడిదన్నా? పది రూపాయలిచ్చి తోలుత. ఏం కొనుక్కుంటదో నాకెట్ల తెల్వాలె?" పన్నెండు గంటల షిఫ్టు నడిచే ఊళ్లో, చీర మడతకు ఇంత అని కూలి లెక్కగట్టే ఊళ్లో, బిడ్డ ఏం తింటుందో చూసుకోలేదని తల్లిని తప్పుపట్టడం అన్యాయం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ బిడ్డ ఎవరి చేతుల్లో ఉంది? బడి చేతుల్లో. ఆ బడి ముందు యాభై మీటర్లలో ఏం అమ్మాలో తేల్చే అధికారం ఎవరిది? కార్పొరేషన్‌ది. ఆ రెండూ చేతులు దులుపుకుని, ఇంట్లో లేని తల్లి మీదికి నెపం తోసేస్తున్నాయి.

పిల్లలు మంచి తిండి తినరన్నది ఇంకో మాట. తినకపోవడానికి అదేమైనా పుట్టుకతో వచ్చిన రుచా? మన ఇళ్లల్లో బొబ్బెర గుడాలూ శనగ గుడాలూ పోపు వేసి పెడితే గిన్నె ఖాళీ చేసిన పిల్లలే వీళ్లు. పల్లీపట్టీ చేతిలో పెడితే వద్దన్న పిల్లను ఎవరైనా చూశారా? సూరత్‌లోనే చలికాలం వచ్చిందంటే పచ్చిజొన్న కంకులు కాల్చి రాల్చిన పోంక్ కోసం ఊరంతా ఎగబడుతుంది. అది మన ఊచబియ్యమే. వేయించిన పల్లీలు, శనగలు కలిపి కాగితం పొట్లంలో ఇచ్చే శింగ్-చణా ఇక్కడ తరతరాల చిరుతిండి. ఆవిరి మీద ఉడికే ఖమణ్ ఉంది. ఇవేవీ విదేశాల నుంచి తెచ్చిపెట్టే అలవాట్లు కావు. ఉన్నవాటిని గేటు ముందు నుంచి ప్యాకెట్ వెళ్లగొట్టింది, అంతే.

ఆచరణలో సాధ్యమేనని చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2024 డిసెంబరులో గుజరాత్ ప్రభుత్వం ముఖ్యమంత్రి పౌష్టిక అల్పాహార యోజన ప్రకటించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో మధ్యాహ్న భోజనానికి తోడుగా సుఖడీ, శనగల చాట్, పప్పుగింజలు, చిరుధాన్యాల వంటివి పెట్టాలని అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి నుంచి మధ్యాహ్న భోజన పథకంలో వారానికి మూడు రోజులు రాగిజావ చేర్చారు, పల్లీల చిక్కీ అంతకుముందే ఉంది. అంటే ప్రభుత్వాలే చిరుతిండిని లెక్కగట్టి పెడుతున్నాయి. లోపల ప్రభుత్వ ఖర్చుతో శనగలు, బయట గేటు దగ్గర ప్రభుత్వ నిబంధనే నిషేధించిన భూంగళా. రెండూ ఒకే బిడ్డ కడుపు కోసం పోటీపడుతుంటే కార్పొరేషన్ చూస్తూ కూర్చుంటే ఎలా? ఒక చేత్తో పెట్టింది ఇంకో చేత్తో లాగేసుకుంటున్నారు.

బండివాళ్ల బతుకు సంగతి చులకన చేసేది కాదు. గేటు ముందు నిలబడేది బీహార్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో మన తెలంగాణ నుంచో వచ్చిన వలసమనిషే. 2014 వీధి వర్తకుల చట్టం అతనికి హక్కు ఇచ్చింది, ఆ హక్కు ఉండాల్సిందే. కానీ చిరుతిండి ప్రమాణం అతన్ని వెళ్లిపొమ్మనడం లేదు. బండి మీద సరుకు మార్చమంటోంది. ప్యాకెట్ మీద అతనికి మిగిలేది చిల్లరే. ధర కంపెనీ అచ్చువేసి పంపుతుంది, అతను అర్ధరూపాయి కూడా పెంచుకోలేడు. కిలో శనగలు నానబెట్టి ఉడికిస్తే రెండు కిలోలు దాటుతాయి. యాభై గ్రాముల పొట్లం ఐదు రూపాయలకు అమ్మితే రెండు వందలు చేతికొస్తాయి. శనగలకు, ఉల్లికి, నిమ్మకు, గ్యాసుకు పోయినా ప్యాకెట్ కన్నా ఎక్కువే మిగులుతుంది. అయినా అతను ప్యాకెట్టే ఎందుకు అమ్ముతాడు? ఉడికించిన శనగలు సాయంత్రానికి పులుస్తాయి, ప్యాకెట్ నెలల తరబడి నిలవుంటుంది. సగం అమ్ముడుపోకపోతే శనగల నష్టం అతనిదే. ప్యాకెట్లు రేపు అమ్ముకోవచ్చు. ఈ భయం నిజమైనది. దీన్ని తీర్చగలిగేది కార్పొరేషన్, బడి కలిసే. గేటు ముందు చోటు ఈ నలుగురిదే, ఇవి అమ్మేవాళ్లదే అని ఖాయం చేస్తే, పక్కనే ప్యాకెట్ బండి ఉండదని నమ్మకం కలిగిస్తే, పొద్దున్నే ఎన్ని పొట్లాలు పోతాయో అతనికి వారంలో లెక్క తెలిసిపోతుంది. పక్కన ప్యాకెట్ ఉన్నంతకాలం ఒక్కడే శనగలు పెట్టుకుని గెలవలేడు. అందుకే ప్రమాణం అందరికీ ఒకేసారి వర్తించాలి. బండివాళ్ల పేరు చెప్పి ఈ నియమాన్ని అడ్డుకునేవాళ్లు నిజానికి కాపాడుతున్నది బండివాళ్లను కాదు, ఆ ప్యాకెట్లు తయారుచేసే కంపెనీలను.

ఇక ఆఖరి వాదం, అన్నిటికన్నా సోమరి వాదం. ఇక్కడ ఏదీ అమలు కాదట. ఈ మాట ఇంకే ఊళ్లో అన్నా సరే అనుకోవచ్చు. సూరత్‌లో అనకూడదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ ఊరు విడిచి పారిపోయారు. కుప్పలుగా చెత్త, మురుగు, అధికారుల నిర్లక్ష్యం అని ప్రపంచమంతా రాసింది. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చినాయన సూర్యదేవర రామచంద్రరావు, ఎస్.ఆర్. రావు అంటే ఇప్పటికీ ఊళ్లో పాతవాళ్లు గుర్తుపడతారు. మన తెలుగువాడే. ఆయన అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లో తిప్పాడు. శుభ్రత పాటించని హోటళ్లను, మిఠాయి దుకాణాలను జరిమానాలు వేసి, అవసరమైతే మూయించి దారికి తెచ్చాడు. అక్రమ కట్టడాలు పడగొట్టేటప్పుడు బలమైనవాళ్ల దగ్గర మొదలుపెట్టాడు. అందుకే మామూలు జనం ఆయన వెంట నిలబడ్డారు. రెండేళ్లు తిరగకుండానే దేశంలో రెండో పరిశుభ్ర నగరమన్న పేరొచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలిచింది. వీధులన్నీ ఊడ్పించగలిగిన కార్పొరేషన్‌కు బడి గేటు ముందు 50 మీటర్లు చూసుకోవడం చేతకాదని చెబితే ఎవరు నమ్ముతారు? చేతకాక కాదు, అడిగినవాళ్లు లేక.

నియమం పూర్తిగా పనిచేయదేమోనన్న అనుమానంతో దాన్ని మొదలే పెట్టకూడదనేవాళ్లకు ఇంకో మాట. 2003 చట్టం విద్యాసంస్థలకు నూరు గజాల లోపు పొగాకు అమ్మకాన్ని నిషేధించింది. ఉల్లంఘనలు ఉన్నాయి, అందరికీ తెలుసు. అయినా ఆ చట్టం ఎత్తేయమని ఏ టీచరైనా అడుగుతాడా? పిల్లవాడి చేతిలో గుట్కా కనబడితే నిలదీయడానికి టీచరుకు ఆ చట్టమే బలం. చిరుతిండి విషయంలోనూ టీచరు చేతికి ఆ బలం ఇప్పటికే ఉంది. వాడుకోవడం లేదు.

ప్రపంచంలో వేరే దేశాలూ ఈ దారిలోనే నడుస్తున్నాయి. చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్ల ముద్ర వేయించి, అవే బడుల్లో అమ్మకూడదంది. ఆ తర్వాత అక్కడి ఇళ్లల్లో తీపి పానీయాల కొనుగోలు దాదాపు నాలుగో వంతు తగ్గిందని పరిశోధకులు లెక్కగట్టారు. మెక్సికో 2025 మార్చి నుంచి బడుల్లో ఇలాంటి తిండిని నిషేధించింది. మన దగ్గర ప్యాకెట్ ముందువైపు హెచ్చరిక ముద్ర విషయం నలుగుతూనే ఉంది. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. ముద్ర లేనంతకాలం ఏది ఎక్కువో ఏది తక్కువో తేల్చే భారం టీచరు నెత్తినే పడుతుంది. బడి చిరుతిండి నిబంధనలో ఉన్న అసలైన లోపం ఇదే. విమర్శించేవాళ్లు దీన్ని పట్టుకుని ఉంటే నేనూ వాళ్ల పక్కన నిలబడేవాణ్ని.

పట్టుదల ఉంటే ముద్రలూ మారతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్ముడయ్యే తీపి పానీయాల మీద ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటే, ఆ డబ్బాల్లో సుమారు 120 గ్రాముల చక్కెర ఉండేది. విరేచనాలైన బిడ్డకు తల్లులు మందనుకుని అదే తాగించేవారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడుకోవడానికి వీల్లేదని ఆదేశించింది. ఒక్క వైద్యురాలు, ఆమె వెంట నిలిచిన తల్లులు సాధించారు. "కంపెనీలతో మనం పెట్టుకోగలమా" అనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇందులో మన తెలుగు సంఘాల తప్పు కూడా ఉంది, దాన్ని దాటేసి పోలేను. జెండా పండగకు, నాయకుడి పుట్టినరోజుకు, బతుకమ్మకు బడిపిల్లలకు మనం పంచేదేమిటి? చిప్స్ ప్యాకెట్టు, డబ్బా జ్యూసు. పంచడానికి తేలిక, ఫొటోలో బాగుంటుంది. గుజరాత్‌లోనే తిథి భోజన్ అనే మంచి ఆనవాయితీ పుట్టింది. పుట్టినరోజునో పెళ్లిరోజునో బడిపిల్లలకు భోజనం పెట్టడం. అది నచ్చి కేంద్రం దేశమంతటా మధ్యాహ్న భోజన పథకంలో చేర్చుకుంది. దానికి మన సంఘాలు శనగలు, పల్లీపట్టీలు, అరటిపండ్లు, మజ్జిగ పెడితే ఖర్చు పెరగదు. పిల్లల కడుపుకు మంచిది. దాతే ప్యాకెట్ పంచుతుంటే బండివాణ్ని మానమనడానికి మనకు నోరెలా వస్తుంది?

ఖటోదరాలో, ఉధ్నాలో, లింబాయత్‌లో పిల్లలను బడికి పంపే తెలుగు తల్లిదండ్రులకు ఒక మనవి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అది అలంకారానికి పెట్టిన కమిటీ కాదు. వచ్చే సమావేశానికి పనికి సెలవు పెట్టయినా వెళ్లండి. గేటు ముందు 50 మీటర్ల సంగతి అడగండి. చల్లటి తాగునీరు ఎక్కడుందో చూపించమనండి. అల్పాహారం ఏ వేళకు పెడుతున్నారో, పిల్లలు తింటున్నారో లేదో కనుక్కోండి. అడిగింది మినిట్స్‌లో రాయించండి, నకలు తీసుకోండి, కార్పొరేషన్ ఆహార విభాగానికి పంపండి. నిబంధన 2021 జూలైలో అమల్లోకి వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లల ప్రాథమిక చదువు ఆ గేటు ముందు ప్యాకెట్లతోనే గడిచిపోయింది.